షోకి పిలవడం: రాలీలో మా బ్యాండు ఇరవై వారాలు

నవంబర్ 8, 2024, శుక్రవారం రాత్రి మా షో అయింది. దానికోసం మొదటి ఈమెయిలు పంపింది జూన్ 24న. మధ్యలో ఇరవై వారాలు. ఆ ఇరవై వారాల్లో పాటలు సాధన చేసిన గంటలకన్నా జనాన్ని రప్పించడానికి తిరిగిన గంటలే ఎక్కువ. లేబుల్, మేనేజరు ఎవరూ లేకుండా అమెరికాలో సొంతంగా హాలు మాట్లాడుకుని టిక్కెట్లు అమ్ముకోవాలనుకునేవాళ్లు మనవాళ్లలో కొందరైనా ఉంటారు. డైరీలో లెక్కలు ఇంకా పచ్చిగా ఉండగానే వాళ్లకోసం రాసి పెడుతున్నాను.

మాది నార్త్ కరోలినాలోని రాలీ. ఐదుగురం కలిసి ఆల్ట్-కంట్రీ వాయిస్తాం, అంటే అమెరికా పల్లెల కంట్రీ సంగీతంలో రాక్ కలిపిన బాణీ. విస్కీటౌన్ లాంటి బ్యాండు 1994లో ఈ ఊళ్లోనే పుట్టింది కాబట్టి ఆ మాట ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. నాది పెడల్ స్టీల్ గిటార్. పది తీగలు, కింద పెడళ్లు, మోకాళ్లతో తోసే లీవర్లు. ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదికి జారుతూ పోయే వాద్యం. మా అమ్మ మొదటిసారి ఫోన్లో విని "గమకాలు వేస్తోందిరా ఇది" అంది. ఆ ఒక్క మాటతో నాకు ఏడాదికి సరిపడా ఓపిక వచ్చింది.

ముందే ఒక జాగ్రత్త చెప్పాలి. హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లు స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప బయట డబ్బుకి పని చేయకూడదు. షోలో వచ్చే నలభై డాలర్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. నేను గ్రీన్ కార్డు చేతికొచ్చేదాకా మా బ్యాండుతో ఇంట్లో సాధనకే పరిమితమయ్యాను. లాయరుని అడగకుండా స్టేజీ ఎక్కొద్దు.

జూన్ 24న ఐదు హాళ్లకి రాశాం. ఈమెయిల్లో నాలుగు వాక్యాలు, స్టేజీ మీద వాయిస్తున్న ఒక వీడియో, కిందటి షోకి ఎంతమంది వచ్చారన్న అంకె. ఆ అంకె 64. పెంచి రాద్దామా అని మాలో మేము తర్జనభర్జన పడి, ఉన్నదే రాశాం. మూడు హాళ్ల నుంచి ఈ రోజుకీ జవాబు లేదు. ఒకరు 19 రోజులకి, ఫిబ్రవరి దాకా ఖాళీ లేదన్నారు. ఐదో హాలు నుంచి జూలై 16న ఒక్క వాక్యం వచ్చింది: నవంబర్ 8కి మీకు సెకండ్ హోల్డ్ ఇవ్వగలం.

హోల్డ్ అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. ఒక తేదీని పెన్సిల్‌తో రాసి పెట్టుకోవడం లాంటిది. మనకన్నా ముందు వేరే బ్యాండు అదే తేదీని రాయించుకుని ఉంటే వాళ్లది ఫస్ట్ హోల్డ్, మనది సెకండ్. వాళ్లు ఖాయం చెయ్యరు, వదిలెయ్యరు. రెండు వారాలు చూసి జూలై 30న మేం 'ఛాలెంజ్' చేశాం. అంటే ఆ తేదీ మేం ఖాయంగా తీసుకుంటామని హాలుకి రాస్తే, వాళ్లు మొదటి బ్యాండుకి గడువిస్తారు. మాకు చెప్పిన గడువు 48 గంటలు. అది దాటేలోపు అవతలివాళ్లు తీసుకోవాలి, లేదా వదలాలి. ఛాలెంజ్ చేశాక మనం వెనక్కి తగ్గితే ఆ హాలు మళ్లీ తలుపు తియ్యదు. ఆ రెండు రాత్రులూ ఫోను దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. ఆగస్టు 1న తేదీ మాదైంది.

ఒప్పందం ఒకే పేజీ. 200 మంది నిలబడి చూసే హాలు. టిక్కెట్ ముందుగా కొంటే 12 డాలర్లు, ఆ రోజు తలుపు దగ్గర 15. ఫీజులు, పన్ను ఆపైన. వచ్చిన డబ్బులోంచి సౌండ్ ఇంజనీరు, తలుపు దగ్గర మనిషి ఖర్చుల కింద హాలు ముందు 350 తీసుకుంటుంది. మిగిలినదాంట్లో 80 శాతం బ్యాండులకి. ఇక్కడిదాకా బాగానే ఉంది. చివర్లో చిన్న అక్షరాల్లో ఇంకొక షరతు ఉంది: షోకి ముందు 30 రోజులు, తర్వాత 30 రోజులు, 30 మైళ్ల లోపల ఇంకెక్కడా వాయించకూడదు. మేం సంతకం చేసిన వారానికే డరమ్‌లో ఒక బ్రూవరీవాళ్లు అక్టోబర్ 19కి 400 డాలర్లు ఖాయంగా ఇస్తాం రమ్మన్నారు. డరమ్ ఆ 30 మైళ్ల లోపలే ఉంది. వద్దని రాసినప్పుడు మా డ్రమ్మర్ ముఖం చూడలేకపోయాను. వాళ్లింట్లో ఆ నెల ఫర్నేస్, అంటే ఇంటిని వేడి చేసే యంత్రం, మార్చాల్సి ఉంది.

ఆగస్టు 27న ప్రకటించాం, 30న పొద్దున్న పదింటికి టిక్కెట్లు పెట్టారు. మొదటి రోజు 11 అమ్ముడుపోయాయి. అందులో ఆరు మా కుటుంబాలవే. తర్వాత మూడు వారాల్లో నాలుగు.

ఆ మూడు వారాల్లో మాలో మాకు ఒక పెద్ద చర్చ నడిచింది. పత్రికలకి పంపే పరిచయంలో ముందు వాక్యం నా గురించి ఉండాలని మా గాయని అంది. "కంట్రీ బ్యాండులో తెలుగువాడు పెడల్ స్టీల్ వాయించడం ఎవరైనా చదువుతారు" అని ఆమె ఉద్దేశం. ఆమెది మంచి మనసే, నాకు తెలుసు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆరేళ్లు ఆ వాద్యం ముందు కూర్చుని మోకాళ్లు నొప్పి పెట్టేదాకా నేర్చుకున్నది వింత వస్తువుగా కనపడటానికి కాదు. మరోవైపు, మేం ఉన్న రాష్ట్రం బాంజో వాయించే గాయని రియానన్ గిడెన్స్ పుట్టిన రాష్ట్రం. బాంజో ఆఫ్రికా మూలాలున్న వాద్యమని, ఈ సంగీతం ఏ ఒక్కరి సొత్తూ కాదని ఆమె ఏళ్ల తరబడి స్టేజీల మీద చెబుతూనే ఉంది. చివరికి నేనే ఒక వాక్యం రాసి మూడో పేరాలో పెట్టాను: "పెడల్ స్టీల్ వాయించే అతను వీణ వినిపించే ఇంట్లో పెరిగాడు." అంతకు మించి ఒక్క ముక్క వద్దన్నాను. ఆరు పత్రికలకి పంపితే ఒక్కటి మాత్రం కార్యక్రమాల పట్టికలో నాలుగు వరుసలు వేసింది. ఆ నాలుగు వరుసల్లో వాళ్లు తీసుకున్నది సరిగ్గా ఆ వాక్యాన్నే.

సెప్టెంబర్ 27న హెలీన్ తుపాను రాష్ట్రం పడమటి కొండల మీద విరుచుకుపడింది. మాకు ముందు వాయించాల్సిన ముగ్గురు సభ్యుల బ్యాండు ఆ కొండల్లో ఉన్న యాష్‌విల్‌ది. నాలుగు రోజులు ఫోన్లు కలవలేదు. ప్రచారం మాట అటుంచి, వాళ్లు బతికున్నారో లేదో తెలియదు. అక్టోబర్ 1 మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది. ముగ్గురూ క్షేమం. కరెంటు లేదు, కుళాయిలో నీళ్లు లేవు, ఒకతని డ్రమ్స్ ఉన్న గది బురదతో నిండిపోయింది. వాళ్ల పేరు పోస్టరు మీద ఉంచమంటారా తీసెయ్యమంటారా అని అడగడానికి నాకు నోరు రాలేదు. వాళ్లే రాశారు: "మా పేరు తియ్యకండి. మా క్యాలెండర్‌లో మిగిలిన తేదీ అదొక్కటే."

ఆ సాయంత్రం ఐదుగురం కూర్చుని, హాలు నుంచి బ్యాండులకి వచ్చే వాటా మొత్తం వాళ్లకే ఇవ్వాలని అనుకున్నాం. దీన్ని ఎలా చెప్పాలన్నదే చిక్కు. 'సహాయార్థం' అని పేరు పెడితే ఆ డబ్బు ఎటు పోతుందో కొన్నవాళ్లకి జవాబు చెప్పాలి, హాలు వాటా సంగతి కూడా మళ్లీ మాట్లాడుకోవాలి. అందుకని ఉన్నది ఉన్నట్టు రాశాం: మా వాటా యాష్‌విల్ మిత్రులకి ఇస్తున్నాం.

అక్కడే ఇంకో ఆశ్చర్యం ఎదురైంది. సోషల్ మీడియాలో 120 డాలర్లు పెట్టి ప్రకటన ఇస్తే అది రెండు గంటల్లో తిరస్కరణకి గురైంది. తుపాను సాయం గురించిన మాట ఉంది కాబట్టి ఇది సామాజిక విషయాల ప్రకటన, గుర్తింపు పత్రాలతో వేరే అనుమతి కావాలి అన్నారు. అధ్యక్ష ఎన్నికలు నెల రోజుల్లో ఉన్నాయి, అలాంటివన్నీ జల్లెడ పడుతున్న సమయం. మాట తీసేసి ఊరు, తేదీ, పాట ముక్క మాత్రం ఉంచితే మూడో రోజున ఒప్పుకున్నారు. ఎనిమిది రోజులు నడిచింది. దానివల్ల అమ్ముడైన టిక్కెట్లు, నేను లెక్క కట్టగలిగినంతవరకు, మూడు.

పోస్టర్లు 60 వేయించాం. 11 బై 17 అంగుళాల సైజు, ఒక్కోటి డాలరూ ఇరవై సెంట్లు. కరెంటు స్తంభాలకి అంటించడం కుదరదు కాబట్టి రికార్డు షాపులు, గిటార్ షాపులు, కాఫీ షాపులు, హిల్స్‌బరో స్ట్రీట్‌లో విద్యార్థులు తిరిగే చోట్లు. ప్రతిచోటా లోపలికి వెళ్లి అడిగాకే అంటించాం. అక్టోబర్ 12న ఒక కాఫీ షాపులో ఒక అమ్మాయి మా పోస్టరు మీది క్యూఆర్ కోడ్‌కి ఫోను చూపించింది. "పేజీ లేదు" అని వచ్చింది. నా గుండె జారిపోయింది. హాలువాళ్లు తమ సైట్‌లో మా షో వివరాలు మారుస్తూ పేజీని కొత్తగా చేశారు, పాత లింకు చచ్చిపోయింది. ఎన్ని రోజుల నుంచో ఎవరికీ తెలియదు. స్టిక్కర్లకి 14 డాలర్లు పెట్టి, మూడు సాయంత్రాలు ఊరంతా తిరిగి 38 పోస్టర్ల మీద కొత్త కోడ్ అతికించాను. మిగతావి అప్పటికే పోయాయి. ఇప్పుడైతే కోడ్‌ని మా సొంత పేజీకే కలుపుతాను. అక్కడి నుంచి ఎటు పంపాలో మన చేతిలో ఉంటుంది.

అక్టోబర్ 18 నాటికి 37 టిక్కెట్లు. ఆ రోజే హాలు మేనేజరు నుంచి ఈమెయిలు: నవంబర్ 1కి 60 దాటకపోతే మిమ్మల్ని పక్కనున్న బార్ గదిలోకి మార్చే విషయం మాట్లాడుకుందాం. అందులో కోపం లేదు, ఆయన లెక్క ఆయనది. కానీ బార్ గదిలో పెడల్ స్టీల్ పెట్టడానికి చోటుండదు. యాష్‌విల్ నుంచి నాలుగు గంటలు వచ్చేవాళ్లని ఒక మూల నిలబెట్టి వాయించమనాలా అన్న ఆలోచనే నన్ను తినేసింది.

రేడియో ఆశ ఒకటి ఉండేది. ఇక్కడి ఒక విశ్వవిద్యాలయ విద్యార్థుల స్టేషన్ అక్టోబర్ 24 సాయంత్రం ఇరవై నిమిషాలు ఇచ్చింది. ముందు మా పాటలో ఒక తిట్టుమాట ఉందని పంపిన ఫైలు వెనక్కి వచ్చింది. పొద్దున్న ఆరు నుంచి రాత్రి పది దాకా అలాంటి మాటలు గాలిలోకి పోకూడదు. ఆ మాట తీసేసి మళ్లీ మిక్స్ చేయించడానికి 60 డాలర్లు అయ్యాయి. స్టూడియోలో మైకు ముందు కూర్చున్నాక, అక్కడి కుర్రాడు మెల్లగా చెప్పాడు: "ఇది వ్యాపార ప్రకటనలు వెయ్యని స్టేషన్. టిక్కెట్ ధర చెప్పకండి, 'రండి' అని పిలవకండి. ఎప్పుడు, ఎక్కడ అన్నది చెప్పొచ్చు." ఇన్ని వారాలుగా నేను చేస్తున్న పని ఆ ఒక్క మాట చెప్పడమే. ఆ ఒక్క మాటే అనకూడదు! మా గాయని రెండు పాటలు పాడింది, నేను స్టీల్ మీద ఒక చిన్న రాగం తీశాను, తేదీ చెప్పి బయటికొచ్చాం. స్టేషన్ ద్వారా రెండు టిక్కెట్లు ఉచితంగా ఇచ్చాం. అవి గెలుచుకున్న పెద్దాయన షో రోజు మొదటి వరసలో నిలబడి, గంటన్నర సేపు నా కాళ్లకేసే చూశాడు, పెడళ్లు ఎలా నొక్కుతున్నానో అని.

రేడియో నుంచి ఇంటికి కారు నడుపుకుంటూ వస్తుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. మా ఊళ్లో పెళ్లి శుభలేఖ పోస్టులో వస్తే ఆవిడ దాన్ని పిలుపు కింద లెక్కపెట్టేది కాదు. గడపలోకి వచ్చి, బొట్టు పెట్టి, పేరు పెట్టి పిలిస్తేనే పిలుపు. నేను ఇన్నాళ్లూ శుభలేఖలు వెదజల్లుతున్నాను. మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో 312 మంది ఉన్నారు. సెప్టెంబర్‌లో అందులో లింకు పెడితే 47 మంది మెచ్చుకుంటూ బొటనవేలి బొమ్మ పెట్టారు. ఒక్కరూ టిక్కెట్ కొనలేదు. అది వాళ్ల తప్పు కాదు. నేను ఎవర్నీ పిలవలేదు.

మర్నాడే ఐదుగురం కూర్చుని పేర్లు రాశాం. 140 పేర్లు. ఒక్కొక్కరికి 28. మెసేజ్ కాదు, ఫోను, లేదా ఎదురుగా. నాకు చాలా కష్టమైంది. అడిగితే వాళ్లు కాదనలేక వస్తామంటారేమో, నేను వాళ్ల మొహమాటాన్ని వాడుకుంటున్నానేమో అనిపించేది. మొదటి రోజు ముగ్గురికి ఫోన్ చేసి ఆపేశాను. రెండో రోజు మా డ్రమ్మర్ పక్కన కూర్చుంటే ఏడుగురికి చేశాను.

దీపావళి అక్టోబర్ 31, గురువారం. ఎలాగూ పక్క ఊళ్లు కేరీ, మోరిస్‌విల్‌లో మనవాళ్ల ఇళ్లకి వెళ్తాం కాబట్టి మిఠాయి డబ్బాతో పాటు చిన్న కాగితం పట్టుకెళ్లాను. అక్కడ నాకు ఎదురైన ప్రశ్నల్లో ఒక్కటీ సంగీతం గురించి కాదు. "కుర్చీలుంటాయా బాబూ? రెండు గంటలు నిలబడలేను" అన్నారు ఒక ఆంటీ. "కారు ఎక్కడ పెట్టాలి అన్నా?" "పిల్లల్ని రానిస్తారా, బార్ ఉందంటున్నారు కదా?" "మీరు ఎన్నింటికి స్టేజీ ఎక్కుతారు? మావాడికి పొద్దున్నే క్లాసుంది." "చెవులు పగిలేలా ఉంటుందా?" మేం వందసార్లు దిద్దిన పరిచయంలో వీటిలో దేనికీ జవాబు లేదు. ఆ రాత్రే మేనేజరుకి రాశాను. ఆయన ఎడమ గోడ పక్కన 14 కుర్చీలు వేయిస్తానన్నారు. అన్ని వయసులవాళ్లకీ ప్రవేశముందని, చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు బార్ దగ్గర ఉంటాయని తెలిసింది. మా వాయింపు 9:15కి మొదలై 10:40కి అయిపోతుందని, ఏ పార్కింగ్ డెక్‌లో పెట్టుకోవాలో, అన్నీ ఒక్క పేరాలో రాసి, ఎవరెవరు ఏది అడిగారో వాళ్లకి విడివిడిగా పంపాను. కుర్చీ అడిగిన ఆంటీ అర్ధరాత్రి నాలుగు టిక్కెట్లు కొన్నారు.

నవంబర్ 1 పొద్దున్న 58. అరవైకి రెండు తక్కువ. మేనేజరు ఒకే పదం రాశారు: "చాలు."

తర్వాతి వారం ఎన్నికలు. నవంబర్ 4 నుంచి 6 దాకా మేం ఒక్క ముక్క పోస్ట్ చెయ్యలేదు. ఎవరి మనసూ ఇటు లేదు, ఉండాలని కోరడం కూడా సబబు కాదు. 7వ తేదీకి 71, షో రోజు సాయంత్రం ఆరింటికి 88.

యాష్‌విల్ వాళ్లు నాలుగున్నరకే వచ్చారు. అరువు డ్రమ్స్, వ్యాను వెనక ఖాళీ నీళ్ల క్యాన్లు. కుళాయిలో నీళ్లు మళ్లీ వస్తున్నాయట గానీ తాగడానికి పనికిరావట. ముగ్గురూ ముందు మా డ్రమ్మర్ ఇంటికెళ్లి స్నానాలు చేసి, తర్వాత సౌండ్ చెక్‌కి వచ్చారు. ఎనిమిదింటికి వాళ్లు మొదలుపెట్టినప్పుడు హాల్లో నలభై మంది ఉన్నారేమో. వాళ్ల రెండో పాట అవుతుండగా తలుపు వైపు చూస్తే వరస బయటిదాకా ఉంది. తలుపు దగ్గర కొన్నవాళ్లు 49 మంది. మొత్తం 137. దీపావళికి నేను గడప తొక్కిన ఇళ్లవాళ్లు అందులో 26 మంది. కుర్చీలు చాలక మా గాయని భర్త ఇంకో ఆరు మోసుకొచ్చాడు. మా వాయింపు గురించి ఎక్కువ రాయను. మూడో పాటలో స్టీల్ సోలో అయ్యాక ఎడమ గోడ వైపు నుంచి, కుర్చీల్లోంచి, "భలే!" అని ఒక గొంతు వినపడింది. ఇంగ్లీషు కేకల మధ్య ఆ మాట చెవిన పడితే నా చేతిలో తీగల మీద జరిపే ఉక్కు కడ్డీ ఒక్క క్షణం వణికింది.

రాత్రి 11:40కి లెక్క చూసుకున్నాం. ముందుగా కొన్నవి 88, అంటే 1,056 డాలర్లు. తలుపు దగ్గర 49, అంటే 735. మొత్తం 1,791. హాలు ఖర్చు 350 పోతే 1,441. అందులో 80 శాతం 1,152 డాలర్ల 80 సెంట్లు. అప్పుడు మేనేజరు డబ్ల్యు-9 ఫారం, అంటే డబ్బు తీసుకునేవాళ్లు పేరు, పన్ను నంబరు రాసిచ్చే కాగితం, ముందు పెట్టారు. చెక్కు ఎవరి పేరు మీద ఉంటే ఆ ఆదాయం వాళ్ల పన్ను లెక్కలో పడుతుంది. 2024లో ఉన్న నిబంధన ప్రకారం 600 దాటింది కాబట్టి ఏడాది అయ్యాక ఆ ఆదాయం చూపించే ఫారం కూడా వస్తుంది. నా పేరు మీద తీసుకుని వాళ్లకి ఇచ్చేస్తే పన్ను కాగితం నాకు మిగులుతుంది. వాళ్లలో ఒకతన్ని పిలిచి ఫారం నింపించి, చెక్కు నేరుగా అతని పేరు మీద రాయించాం. ముందే ఆలోచించుకోవాల్సింది, అలసిపోయిన మనుషులు అర్ధరాత్రి కూర్చుని పన్ను ఫారాలు నింపడం కష్టం.

మా ఖర్చు: ఫొటోలకి 150, పోస్టర్లకి 72, స్టిక్కర్లకి 14, ప్రకటనకి 120, రేడియో మిక్స్‌కి 60. మొత్తం 416. టీషర్టులు 9, సీడీలు 14 అమ్మితే 365 వచ్చాయి. తక్కువ పడిన 51 డాలర్లు ఐదుగురం పంచుకున్నాం.

శనివారం పొద్దున్న డ్రమ్మర్ వంటగదిలో వాళ్లు క్యాన్లు నింపుకుంటుంటే ఒకటొకటిగా వ్యానులోకి అందించాను. ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. నవంబర్ 18న వాళ్ల దగ్గర్నుంచి ఫొటో వచ్చింది: కుళాయి కింద గాజు గ్లాసు, నిండా నీళ్లు. ఆ రోజే యాష్‌విల్‌లో కుళాయి నీళ్లు తాగొచ్చని ప్రకటించారు. ఫొటో కింద ఇలా రాశారు: "మార్చిలో మీరు మా ఊరు రావాలి. హాలుకి రాశాం. ప్రస్తుతానికి మనది సెకండ్ హోల్డ్."